ఇల్లు కట్టే ముందు గాంట్ చార్టు వేసుకోవడం ఎలా: మేస్త్రీ చెప్పిన నాలుగు నెలలు కాగితం మీద ఎన్నవుతాయో చూద్దాం

"ఎన్నాళ్లు పడుతుందండీ?" అని అడిగితే ఏ మేస్త్రీ అయినా "నాలుగు నెలల్లో తాళం మీ చేతిలో పెడతానండి" అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. తన మనుషులు చేసే పనిని రోజుల్లో లెక్కేసి చెబుతున్నాడు, అంతే. ఆ లెక్కలో స్లాబు గట్టిపడే రోజులుండవు, కిటికీ గ్రిల్స్ వచ్చేదాకా ఖాళీగా కూర్చునే రోజులుండవు, సంక్రాంతికి ఊరెళ్లిన కూలీలు తిరిగొచ్చేదాకా పట్టే రోజులూ ఉండవు.

మా అమ్మానాన్నల ఇల్లు కట్టేటప్పుడు నాకు అర్థమైంది ఇదే. గోడలు లేచాయి, ప్లాస్టరింగ్ వాళ్లు చెప్పిన రోజుకే వచ్చారు, కానీ కిటికీల గ్రిల్స్ రాలేదు. గ్రిల్స్ కూర్చోకుండా కిటికీ అంచులు పూయలేరు కాబట్టి చూసి వెళ్లిపోయారు. గ్రిల్స్ ఆరు రోజుల్లో వచ్చాయి, ప్లాస్టరింగ్ వాళ్లు మాత్రం మూడు వారాలకు గానీ మళ్లీ దొరకలేదు, ఎందుకంటే ఈలోగా వేరే పని ఒప్పుకున్నారు. అప్పటి నుంచి నేను నమ్మేది ఒకటే: ఇల్లు ఆలస్యమయ్యేది పనుల దగ్గర కంటే పనికీ పనికీ మధ్య ఉండే ఖాళీల దగ్గరే ఎక్కువ. ఆ ఖాళీలు ముందే కంటికి కనబడాలంటే నాకు తెలిసి గాంట్ చార్టుకు మించింది లేదు. ఆ తర్వాత మా చెల్లి ఇంటికి అలాగే వేసి కట్టించాం. ఇక్కడ చెప్పే పద్ధతి అదే.

చార్టు అంటే పెద్ద విద్యేం కాదు. ఎడమ పక్క పనుల జాబితా, పైన తేదీలు, ఒక్కో పనికి మొదలయ్యే రోజు నుంచి ముగిసే రోజు దాకా ఒక గీత. అమెరికా ఇంజనీరు హెన్రీ గాంట్ 1910ల్లో వీటిని వాడుకలోకి తెచ్చాడు, అందుకే ఆయన పేరు వచ్చింది. నిజానికి పోలెండ్ ఇంజనీరు కరోల్ అదమియెత్స్కి 1896లోనే ఇలాంటి బొమ్మ తయారు చేశాడు. మన పనికి అవసరమైన సంగతి ఇంకొకటుంది: గాంట్ వేసిన పాత చార్టుల్లో గీతలే ఉండేవి, ఏ పని ఏ పని కోసం ఆగుతుందో చూపించే బాణాలు ఉండేవి కావు. ఏ పనుల వరస మొత్తం గడువును నిర్ణయిస్తుందో లెక్కగట్టే పద్ధతి 1950ల చివర్లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో మొదలైంది. మనవాళ్లు చాలామంది చార్టు వేశాం అంటూ రంగురంగుల గీతలు గీసి ఆపేస్తారు. బాణాలు లేని చార్టు గోడకు అంటించుకునే క్యాలెండర్‌తో సమానం.

ఉదాహరణగా ఒక ఇల్లు తీసుకుందాం: 150 గజాల స్థలం, పిల్లర్ల మీద కట్టే ఒక్క అంతస్తు, రెండు పడకగదులు. రోజుల లెక్క మీ ఊరు, మీ నేల, మీ మేస్త్రీ గ్యాంగు సైజును బట్టి మారుతుంది, కాబట్టి నా అంకెల్ని యథాతథంగా తీసుకోకండి. పద్ధతి తీసుకోండి.

మొదటి అడుగు: కంప్యూటరు ముట్టుకోకుండా పనులన్నీ రాయండి

ఒక నోటుపుస్తకం తీసుకుని మేస్త్రీ, కరెంటు పనివాడు, ప్లంబరు, వడ్రంగి, వీలైతే మీ ఇంజనీరు, వీళ్లందరితో విడివిడిగా కూర్చోండి. ఒక్కొక్కరిని అడగాల్సిన ప్రశ్న "మీ పని మొదలవ్వాలంటే అప్పటికి అక్కడ ఏమేం అయిపోయి ఉండాలి?" అని. ఎన్ని రోజులు అనేది తర్వాత అడగొచ్చు. ఈ ప్రశ్నకు వచ్చే జవాబుల్లోనే మీకు తెలియని పనులు బయటపడతాయి. కరెంటాయన "స్లాబు వేసే ముందు రోజు నేను పైపులు, ఫ్యాను బాక్సులు పరచాలి" అంటాడు. ప్లంబరు "బాత్రూం సంకెన్ స్లాబు (పైపుల కోసం కిందికి దించి వేసే స్లాబు) ఎంత లోతో ఇప్పుడే చెప్పండి" అంటాడు. వడ్రంగి అయితే "ద్వారబంధాలు గోడ కట్టేటప్పుడే నిలబెట్టాలి కదండీ, చెక్క ఎప్పుడు కొంటున్నారు?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. అన్నీ రాసుకోండి.

పని ఎంత చిన్న ముక్క చేయాలి అంటే, నా లెక్కలో ఒక పని రెండు రోజుల కంటే తక్కువ, రెండు వారాల కంటే ఎక్కువ ఉండకూడదు. స్లాబు కాంక్రీటు లాంటి ఒక్క రోజు పెద్ద పని మాత్రం దీనికి మినహాయింపు. "పునాది పని" అని ఒకటే వరస రాసి నెల రోజులు వేస్తే, ఇరవయ్యో రోజున మీరు ముందున్నారో వెనకున్నారో చెప్పలేరు.

మా ఉదాహరణ ఇంటికి స్లాబు దాకా వరస ఇలా వస్తుంది:

ముగ్గు పోసి గోతులు తవ్వడం 4 రోజులు
పీసీసీ (గోతి అడుగున వేసే కాంక్రీటు పొర), ఫుటింగులు (పిల్లర్ల పాదాలు) 6
ప్లింత్ (ఇంటి నేల మట్టం) దాకా పిల్లర్లు 4
ప్లింత్ బీములు 6
బేస్‌మెంట్ గోడ, మట్టి నింపి తడిపి దిమ్మిస కొట్టడం 7
పై పిల్లర్లు 5
సెంట్రింగు (కాంక్రీటు పోయడానికి కింద కట్టే తాత్కాలిక అచ్చు), రాడ్డు కట్టడం, స్లాబులో కరెంటు పైపులు 10
స్లాబు కాంక్రీటు 1

మొత్తం 43 పని రోజులు. సెంట్రింగు ఊడదీశాక గోడలకు 14, గోడలు కొట్టి కరెంటు, నీళ్ల పైపులు వేయడానికి 7, లోపలి ప్లాస్టరింగ్ 10, టైల్స్ 10, పుట్టీ, ప్రైమర్ కలిపి 10, తలుపులూ కిటికీ రెక్కలూ బిగించడం 6, చివరి కోటు రంగు 4, శుభ్రం చేయడం 2. ఇవి 63. రెండూ కలిపితే 106 పని రోజులు, అంటే వారానికి ఆరు రోజుల చొప్పున నాలుగు నెలల పైన మూడు నాలుగు రోజులు. మేస్త్రీ చెప్పిన నాలుగు నెలలు ఇవే. ఆయన లెక్క సరిగ్గానే ఉందని చెప్పాను కదా.

రెండో అడుగు: ఎదురుచూపులకు కూడా వరస ఇవ్వండి

ఈ గైడులో ఒక్క ముక్కే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. ఎవరూ పని చేయకపోయినా గడవాల్సిన రోజులు ఉంటాయి. వాటిని పక్క పనిలో కలిపేయకుండా వేరే రంగుతో వేరే గీతగా వేయాలి.

కాంక్రీటు సంగతి చూద్దాం. మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, మామూలు ఓపీసీ (సాధారణ పోర్ట్‌లాండ్) సిమెంటుతో వేసినప్పుడు, ఆధారానికీ ఆధారానికీ మధ్య దూరం 4.5 మీటర్ల లోపు ఉన్న స్లాబు కింద పోట్లు (బరువు మోసే తాత్కాలిక గుంజలు) కనీసం 7 రోజులు ఉంచాలి, అంతకంటే పెద్ద స్లాబుకు 14 రోజులు. బీముల కింద 6 మీటర్ల లోపు అయితే 14 రోజులు, దాటితే 21. చలి ఎక్కువున్నా, వేరే రకం సిమెంటు వాడినా ఇంకా పెంచాలి. మన ఊళ్లలో ఇళ్లకు ఎక్కువగా పీపీసీ (బూడిద లాంటివి కలిపిన సిమెంటు) వాడతారు కాబట్టి ఎన్ని రోజులన్నది మీ ఇంజనీరు చెప్పిందే ఖాయం చేసుకోండి. ఇక్కడ ఉదాహరణకు 14 వేస్తున్నాను. ఆయన 21 అంటే 21 వేయండి, బేరం ఆడకండి. చార్టులో మీరు తగ్గించలేని గీత ఇది.

నీళ్లు కొట్టడం కూడా ఇలాంటిదే. ఓపీసీకి కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి వాటికి కనీసం 10, ఎండ మండే పొడి వాతావరణంలో 14 దాకా తడపమంటుంది అదే ప్రమాణం. స్లాబు మీద ఇసుకతోనో సిమెంటు మాలుతోనో మడులు కట్టి నీళ్లు నిలబెడతారు కదా, ఆ గీత మీద ఎవరు తడుపుతారో పేరు కూడా రాయండి. "అందరూ చూసుకుంటారు" అన్న చోట ఎవరూ చూడరు, స్లాబు ఎండిపోతుంది.

ప్లాస్టరింగ్ అయ్యాక తడపడానికి ఒక వారం వేసుకుంటే మన ఉదాహరణలో రెండు పెద్ద ఎదురుచూపులు ఉన్నాయి, 14, 7, కలిపి 21 రోజులు. వీటికి ఆదివారాలు, పండగలు సెలవులు కావు, కాంక్రీటు ఆదివారం కూడా గట్టిపడుతూనే ఉంటుంది. 106 పని రోజులు క్యాలెండరు మీద వేస్తే సుమారు 124 రోజులు, వీటికి 21 కలిపితే 145. అంటే ఐదు నెలలకు కొంచెం తక్కువ. ఇంకా ఒక్క పండగ సెలవు కూడా వేయలేదు, ఒక్క వాన కూడా పడలేదు.

మరో రకం ఎదురుచూపు ఆర్డర్లది. ద్వారబంధాలు, గ్రిల్స్, తలుపులు, గ్రానైటు, మీరు మనసుపడ్డ ఆ ఒక్క రకం టైల్. వీటిలో ప్రతిదానికీ రెండు తేదీలు రాయండి: సైటుకు రావాల్సిన రోజు, ఆర్డరు ఇవ్వాల్సిన రోజు. షాపతను 15 రోజులన్నాడంటే నేను నెల వేస్తాను. మా ఇంట్లో గ్రిల్స్‌కు ఈ ఒక్క వరస ఉండి ఉంటే ఆ మూడు వారాలు మిగిలేవి. సిమెంటు మాత్రం దీనికి తిరగేసి: ముందే కొని నిల్వ పెడితే బలం తగ్గిపోతుంది, మూడు నెలలు దాటిన బస్తా వాడకపోవడమే మంచిది, కాబట్టి దశ దశకీ ఒక వరస పెట్టి తెప్పించుకోండి.

మూడో అడుగు: రోజులు ఎలా అడగాలి

"ప్లాస్టరింగ్ ఎన్ని రోజులు?" అంటే ఒక అంకె వస్తుంది, అది ఎప్పుడూ అన్నీ బాగా జరిగితే వచ్చే అంకే. మూడు అడగండి. అన్నీ కలిసొస్తే ఎన్ని, మామూలుగా ఎన్ని, ఇద్దరు మనుషులు రాకపోతే, ఇసుక లారీ ఆగిపోతే ఎన్ని. 8, 10, 18 అన్నాడనుకుందాం. మామూలు అంకెను నాలుగుతో గుణించి మిగతా రెండూ కలిపి ఆరుతో భాగించండి: 8, 40, 18 కలిపితే 66, ఆరుతో భాగిస్తే 11. అమెరికా నౌకాదళం 1950ల చివర్లో పొలారిస్ క్షిపణుల పనికి వాడిన లెక్క ఇదే, మన ఇంటికీ సరిపోతుంది. అన్ని పనులకూ చేయక్కర్లేదు. మొదటి అంకెకీ చివరి అంకెకీ తేడా బాగా ఉన్న వాటికి చేస్తే చాలు, మిగతావి మామూలు అంకెతో పోనివ్వండి.

భయపడి ప్రతి పనికీ రెండేసి రోజులు కలపకండి. ఉందని తెలిసిన టైము ఖర్చయిపోతుంది. మేస్త్రీకి పన్నెండు రోజులని కనబడితే ఆ మొదటి రెండు రోజులు వేరే సైటులో ఉంటాడు. ఆ అదనపు రోజులన్నీ తీసి చివర్లో గృహప్రవేశానికి ముందు ఒకే గీతగా పెట్టండి. ఈ ఇంటికి 20 రోజులు పెడదాం. 145 కి 20 కలిపితే 165.

నాలుగో అడుగు: షీటులో వేయడం

గూగుల్ షీట్స్ అయినా ఎక్సెల్ అయినా పద్ధతి ఒకటే. ఏ నుంచి జీ దాకా ఏడు కాలమ్స్: నంబరు, పని, ఎవరు, దేని తర్వాత (షీటులో మన బాణాలు ఇవే), ఎన్ని రోజులు, మొదలు, ముగింపు. హెచ్ నుంచి కుడి పక్కకి మొదటి వరసలో రోజుకొక తేదీ వేసుకుంటూ వెళ్లండి, కాలమ్ వెడల్పు బాగా తగ్గించండి.

మొదలు, ముగింపు తేదీలు చేత్తో కొట్టొద్దు. చేత్తో కొడితే ఒక పని జరిగినప్పుడు మిగతావి జరగవు, రెండో వారానికే చార్టు చచ్చిపోతుంది. వర్క్‌డే డాట్ ఇంటిల్ (WORKDAY.INTL) అనే ఫార్ములా ఉంది, దానికి తేదీ, ఎన్ని రోజులు, వారాంతపు కోడు, సెలవుల జాబితా ఇస్తే సెలవులు వదిలేసి తేదీ చెబుతుంది. వారాంతపు కోడు దగ్గర 11 అని వేస్తే ఆదివారం ఒక్కటే సెలవు. మొదలు తేదీకి, ముందు పని ముగింపు ఇచ్చి రోజులు 1 అనండి. ముగింపుకు, మొదలు తేదీ ఇచ్చి రోజుల్లోంచి ఒకటి తీసేయండి. రెండు పనులు అయ్యాకే మొదలయ్యే పనికి ఆ రెండు ముగింపుల్లో ఏది ఆలస్యమో మ్యాక్స్ పెట్టి తీసుకోండి. ఎదురుచూపు వరసలకు మాత్రం ఈ ఫార్ములా వద్దు, వాటికి ఆదివారాలు కూడా లెక్కే కాబట్టి మామూలు కూడికే: ముందు ముగింపుకు ఒకటి కలిపితే మొదలు, దానికి రోజులు కలిపి ఒకటి తీస్తే ముగింపు. పండగ తేదీలు వేరే షీటులో రాసి సెలవుల జాబితాగా ఇవ్వండి.

రంగు గీతలకు కండిషనల్ ఫార్మాటింగ్‌లో కస్టమ్ ఫార్ములా పెట్టాలి. హెచ్1 లోని తేదీ ఎఫ్2 కంటే తక్కువ కాకుండా, జీ2 కంటే ఎక్కువ కాకుండా ఉంటే ఆ గడికి రంగు వేయమని. 1 అంకె ముందు, ఎఫ్, జీ అక్షరాల ముందు డాలర్ గుర్తు మరిచిపోకండి, లేకపోతే గీతలు ఎటో వెళ్లిపోతాయి. ఇదంతా తలనొప్పి అనిపిస్తే గాంట్‌ప్రాజెక్ట్, ప్రాజెక్ట్‌లిబ్రే అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వాటిలో బాణాలు కూడా మౌస్‌తో గీయొచ్చు. నేను షీటే వాడతాను, ఎందుకంటే చెల్లెలు ఫోనులో తెరిచి చూసుకోగలదు. మీరు డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉండి ఊళ్లో అమ్మానాన్నలకు ఇల్లు కట్టిస్తుంటే షీటే మేలు, అక్కడ సైటులో ఉన్నవాళ్లూ ఇక్కడ మీరూ ఒకటే కాపీ చూస్తారు.

ఐదో అడుగు: చివరి నుంచి వెనక్కి లెక్కపెట్టి క్యాలెండరు మీద పెట్టండి

మనకు ముగింపు తేదీ పంతులుగారు పెడతారు. ఆషాఢం, పుష్యం, మూఢం వదిలేస్తే కొన్ని ముహూర్తాలే మిగులుతాయి. ఈ ఇంటికి మే 10న గృహప్రవేశం అనుకుందాం. 165 రోజులు వెనక్కి వెళితే నవంబర్ 26. సరే, శంకుస్థాపన ఆ రోజే అనుకుని షీటులో వేయండి, స్లాబు ఎప్పుడొస్తుందో చూడండి. 43 పని రోజులంటే ఏడు వారాల పైన ఒక రోజు. జనవరి 14 ప్రాంతం.

సరిగ్గా సంక్రాంతి. ఇంటికి అన్నిటికంటే ఎక్కువ మనుషులు కావాల్సిన రోజున ఒక్క మనిషి కూడా దొరకడు. నోటితో చెప్పుకునే ప్లానులో ఇది జనవరి మొదటి వారం దాకా తెలియదు, చార్టులో మాత్రం నవంబరులోనే కనబడుతుంది.

ఇప్పుడు శంకుస్థాపన పది రోజులు ముందుకు, నవంబర్ 16కి జరపండి. స్లాబు జనవరి 4 ప్రాంతానికి వస్తుంది. 14 రోజుల ఎదురుచూపు జనవరి 18 దాకా. సంక్రాంతి మూడు రోజులు, కూలీలు వెళ్లి రావడానికి అటూ ఇటూ రోజులు, అన్నీ ఆ ఎదురుచూపులోనే కలిసిపోయాయి. పండగకు పోయిన రోజులు సున్నా. పైగా పండగకు ముందు వారంలో అదే గ్యాంగుతో సంపు, సెప్టిక్ ట్యాంకు తవ్వించి కట్టించుకోవచ్చు, ఎలాగూ పోట్లు ఉన్నంతసేపు లోపల గోడ కట్టలేరు. పండగ రోజుల్లో స్లాబు తడపడానికి మాత్రం సైటు పక్కన ఉండే ఒకరికి డబ్బిచ్చి ఒప్పించండి, ఆ పేరు చార్టులో ఉండాలి. మా చెల్లి ఇంటికి సరిగ్గా ఇలాగే జరిపాం, ఆ గీతలు ఒకదాని కింద ఒకటి ఒదిగిపోవడం చూసినప్పుడు కలిగిన నిశ్చింత నాకింకా గుర్తుంది. జరిపిన పది రోజులూ చివరి అదనంలో కలిశాయి, 20 కాస్తా 30 అయింది.

తర్వాత గోడలు. ప్రధాన ద్వారబంధం నిలబెట్టడానికి మళ్లీ ముహూర్తం కావాలి, ఆ తేదీని వజ్రం గుర్తుతో పెట్టండి. రోజులు పట్టని, దాటకూడని తేదీలన్నిటికీ అదే గుర్తు: శంకుస్థాపన, స్లాబు, ద్వారబంధం, గృహప్రవేశం. బ్యాంకు లోను ఉంటే అది దశలవారీగా వస్తుంది, ఇంజనీరు వచ్చి చూశాకే తర్వాతి విడత. "విడత కోసం అర్జీ" అని ప్రతి దశకూ పది రోజుల ముందు ఒక వరస వేయండి. డబ్బు రాక ఆగిన పని కూడా ఆగిన పనే.

ప్లాస్టరింగ్ ఫిబ్రవరి, మార్చిలో పడుతుంది, అప్పటికి ఎండలు మొదలవుతాయి, మీ బోరు ఎండాకాలంలో ఎలా ఉంటుందో పక్కింటివాళ్లను అడిగి ట్యాంకరు వరస ఒకటి పెట్టండి. అదే మీరు మాఘంలో, ఫిబ్రవరి 15 ప్రాంతంలో గృహప్రవేశం అనుకుని 165 రోజులు వెనక్కి లెక్కిస్తే శంకుస్థాపన సెప్టెంబర్ మొదటి వారంలో వస్తుంది. అప్పుడు గోతుల్లో వాన నీళ్లు, నల్లరేగడి నేలైతే మరీ కష్టం, స్లాబు అక్టోబర్ చివరికి వస్తుంది, కోస్తాలో అది తుపాన్ల కాలం. కట్టకూడదని కాదు, ఆ గీతల పక్కన రోజులు ఎక్కువ వేయాలని.

ఆరో అడుగు: ఏ గీత జరిగితే అన్నీ జరుగుతాయో ఎర్రగా చూపించండి

పునాది నుంచి రంగు దాకా నేను పైన చెప్పిన వరసంతా ఒకదానికొకటి ముడిపడింది. దానిలో ఏ పని ఒక రోజు ఆలస్యమైనా గృహప్రవేశం ఒక రోజు జరుగుతుంది. ఆ గీతలన్నీ ఎరుపు. ప్రహరీ గోడ పది రోజుల పని, స్లాబు తర్వాత ఎప్పుడైనా చేయొచ్చు, బయటి రంగుకు ముందు అయితే చాలు. బయటి ప్లాస్టరింగ్ ఎనిమిది రోజులు, లోపల గోడలు తడిసే వారంలోనూ టైల్స్ వేసే రోజుల్లోనూ జరిగిపోతుంది. వైర్లు లాగడం పుట్టీతో పాటే నడుస్తుంది. ఇవి నీలం.

రోజూ ఫోను చేసి అడగాల్సింది ఎర్ర గీత గురించే. మనలో చాలామందికి ఉన్న అలవాటు, కంటికి కనబడే పని ఆగితే కంగారుపడటం. ప్రహరీ ఆగిపోతే వీధంతా కనబడుతుంది కాబట్టి టెన్షన్ పడి మనుషుల్ని అటు పంపిస్తాం, లోపల పైపుల పని ఆగిందని ఎవరూ చూడరు, నిజంగా ఇల్లు ఆగింది అక్కడ.

ఒకసారి "ఎవరు" కాలమ్ కూడా పైనుంచి కిందికి చదవండి. ఒకే పేరు ఒకే వారంలో రెండు గీతల మీద ఉందా? రాడ్డు కట్టే గ్యాంగు సాధారణంగా మూడు నాలుగు సైట్లు ఒప్పుకుని ఉంటుంది. వాళ్లకు మీ తేదీ నెల ముందు చెప్పండి, వారం ముందు మళ్లీ, రెండు రోజుల ముందు మళ్లీ.

ఏడో అడుగు: ప్రతి ఆదివారం అరగంట

మొదట వేసిన తేదీలను వేరే కాలమ్‌లో కాపీ చేసి బూడిద రంగులో ఉంచండి, వాటిని ఇక ముట్టుకోవద్దు. ప్రతి ఆదివారం సైటులో నిలబడి, నడుస్తున్న ప్రతి పనికి ఒకటే అడగండి: ఇంకా ఎన్ని రోజులు? ఎంత శాతం అయిందని మాత్రం అడగొద్దు. "తొంభై శాతం అయిపోయిందండి" అన్న పని మూడు వారాలు తొంభై దగ్గరే ఉండటం నేను చూశాను. "ఇంకా నాలుగు రోజులు" అన్నవాడు వచ్చే ఆదివారానికి మళ్లీ నాలుగు రోజులే అంటే ఏదో అడ్డుపడిందని అక్కడే తెలిసిపోతుంది, ఆ అడ్డు ఏంటో అడిగి ఆ రోజే తీయండి.

చివరి అదనం ఎంత తిన్నామో కూడా రాయండి. స్లాబు పడేసరికి పని సుమారు మూడో వంతు అయినట్టు, అప్పటికి ఆ 30 రోజుల్లో పది లోపు ఖర్చయి ఉంటే పర్వాలేదు. పదిహేను పోయి ఉంటే వచ్చే నెల కోసం ఆగకుండా అప్పుడే మేస్త్రీతో కూర్చోండి.

మేస్త్రీకి చార్టు మొత్తం ఇవ్వకండి, వచ్చే మూడు వారాలది మాత్రం ప్రింటు తీసి సైటులో సిమెంటు గది తలుపుకు అంటించండి, ఫోటో వాట్సాప్‌లో పంపండి. తేదీల పక్కన ఆయన వాడే గుర్తులు రాయండి: భోగికి ముందు శనివారం, శివరాత్రి మర్నాడు. ఆ కాగితం మీద ఆయనే పెన్ను పెట్టి దిద్దడం మొదలుపెట్టాడంటే చార్టు పని చేస్తున్నట్టే.

ఆలస్యం అయిపోతే

అవుతుంది. అప్పుడు ఎర్ర గీతల్లో మనుషుల్ని పెంచితే తగ్గేవి ఏవో చూడండి. ప్లాస్టరింగ్, టైల్స్, పుట్టీ తగ్గుతాయి, రెండో గ్యాంగు పెడితే పది రోజులు ఆరేడుకు వస్తాయి, ఖర్చు కొంత పెరుగుతుంది. తర్వాత, ఒకటి పూర్తిగా అయ్యాకే రెండోది అనుకున్నవి గది గదికీ ముక్కలు చేసి వెంటవెంటనే నడపండి: వెనక పడకగదిలో టైల్స్ అయిపోతే హాల్లో టైల్స్ వేస్తుండగానే అక్కడ పుట్టీ మొదలెట్టొచ్చు. స్లాబు కింద పోట్ల రోజులు, తడిపే రోజులు మాత్రం తగ్గించకండి, ఎవరు ఎంత ధైర్యం చెప్పినా సరే.

ఇంకా చాలకపోతే గృహప్రవేశానికి ఏది తప్పనిసరి, ఏది తర్వాత చేసుకోవచ్చు అని జాబితాను రెండుగా చీల్చండి. పాలు పొంగించడానికి వంటగది, పూజ గది, ఒక బాత్రూం, నీళ్లు, కరెంటు, ప్రధాన ద్వారం ఉంటే చాలు. వార్డ్‌రోబులు, ప్రహరీ రంగు, మేడ మీద పిట్టగోడ పూత, గేటు, ఇవన్నీ తర్వాతి నెలలోకి జరుగుతాయి. ముహూర్తం కోసం పంతులుగారి దగ్గరకు వెళ్లే ముందే ఈ రెండు జాబితాలు రాసి జేబులో పెట్టుకోండి, ఆయన్ని ఒకటి కాకుండా రెండు తేదీలు అడగండి, శుభలేఖలు మాత్రం టైల్స్ గీత పూర్తయ్యాకే అచ్చుకివ్వండి.